వేటపక్షుల గూళ్లకు అడంగలు

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో 50 ఏండ్లు పైబడిన రైతు నెవరి నడిగినను ఒక సంగతి చెప్పును. ఊరికి వెలుపల, వంకగట్టున, చచ్చిన గొడ్డును వేయు తావొకటి యుండెడిది. తోలు ఒలిచికొని పోయిన జాములోపల ఆకాశమున చుక్కలవంటి మచ్చలు కానవచ్చెడివి. అవి సుళ్లు తిరుగుచు దిగివచ్చి, పెద్ద రెక్కలు ముడుచుకొని చుట్టును కూర్చుండెడివి. మరునాటికి ఎముకలు తప్ప వేరేమియు మిగిలెడిది కాదు. ఆ పక్షులు రాబందులు. నేడు ఆ తావున ఊరకుక్కల గుంపు గలదు, దుర్గంధము గలదు. రాబందు మాత్రము లేదు.

అవి ఏ సంవత్సరమున పోయినవి అని అడిగినచో సరియైన జవాబు లభింపదు. ఒకరు ఒక కరవుయేటి మాట చెప్పుదురు; మరియొకరు తమ కుమార్తె వివాహమునకు ముందో వెనుకనో అందురు. సహకార సంఘముల చిట్టాలలో ఎన్నడో తీరిపోయిన అప్పునకు సయితము వాయిదాల తేదీలు గలవు. ఏ పొలమున ఏ ఫసలీలో ఏ పైరుండెనో అడంగలు చెప్పును. వానలెక్క తాలూకా కచ్చేరిలో వ్రాయబడినది. కాని తరతరములుగా ఊరిని శుభ్రపరచిన పక్షి మన కన్నులయెదుటనే మాయమైనపుడు దానినిగూర్చి మన పల్లెలలో ఒక్క పంక్తియైనను వ్రాసిపెట్టినవారు లేరు.

ఆ పంక్తిని వ్రాయుట యెట్లు, వ్రాసినందున కలుగు ప్రయోజనమేమి, పరదేశములందును మన దేశమునందును అట్లు వ్రాసినవారు కనుగొన్నదేమి అను విషయములను ఈ సంచికలో సభ్యులకు మనవి చేయదలచితిమి. ఇది పక్షులయందు వేడుక గలవారికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. పాడిపశువు గల ప్రతి ఇంటికిని దీనితో సంబంధము గలదని చదువరులు కొంతదూరము పోవునప్పటికే గ్రహింతురు.

మన ప్రాంతపు వేటపక్షులు

వంకర ముక్కును, వాడిగోళ్లును గలిగి మాంసమే ఆహారముగా జీవించు పక్షులను వేటపక్షు లందుము. గద్దలు, డేగలు, సాళువములు, గుడ్లగూబలు ఈ జాతిలోనివి. రాబందు వేటాడదు, చచ్చినదానినే తినును. ఐనను శరీరనిర్మాణమునుబట్టి దానినికూడ ఈ వర్గముననే చేర్తురు.

మన పెద్దలు వీనిని చక్కగా గుర్తెరిగి పేర్లు పెట్టిరి. మెట్టచేలమీద గాలిలో నిలిచి రెక్క లాడించుచు చిట్టెలుకలకై చూచు తెల్లని చిన్నపక్షి అడవి రామదాసు. తోటలలో పిట్టలను, తొండలను పట్టునది జాలెడేగ. పాములను పట్టునది పాముల గద్ద. కొండచరియలయందు గూడుకట్టి కుందేళ్లను, కౌజులను వేటాడునది కుందేలు సాళువ. చలికాలమున ఉత్తరదేశములనుండి వచ్చి, చేలపై తక్కువ యెత్తున ఎగురుచు మిడుతలను తినిపోవునది పిల్లిగద్ద. 19వ శతాబ్దమున నెల్లూరియందు వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర తన పక్షిశాస్త్ర గ్రంథమున ఇట్టి తెలుగు పేర్లను పెక్కింటిని చేర్చియున్నాడు. పేరు పెట్టగలిగినంత శ్రద్ధ పూర్వము మన పల్లెలలో నుండెననుటకు అది నిదర్శనము.

శేషాచలము కొండలు, హార్స్‌లీ కొండలు, వాని నడుమనున్న గుట్టలు ఈ పక్షులకు పుట్టినిండ్లు. తిరుమల చుట్టునున్న అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమైనది. 2010లో శేషాచల జీవావరణ మండలము ఏర్పడినది. కాని వేటపక్షులన్నియు అడవిలోనే గూళ్లు కట్టవు. మన చింతచెట్లు, తాటిచెట్లు, మామిడితోపులు, పాడుబడిన మండపములు, బావుల గోడలలోని తొర్రలుకూడ వానికి నివాసములే. అడవియందలి గూటిని అటవీశాఖవారు చూడగలరు. పొలమునందలి గూటిని రైతు చూడవలసినదే.

పక్షిని గాక గూటిని లెక్కించు టెందులకు?

ఆకాశమున కనబడు పక్షులను లెక్కించిన చాలదా యని కొంద రడుగవచ్చును. చాలదు. దానికి కారణ మున్నది.

కోడి కొలదినెలలలో పెట్టయై గుడ్లు పెట్టును; పిట్టలు ఏటేట నాలుగైదు పిల్లలను లేపును. వేటపక్షు లట్లు కావు. రాబందు జంట ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టును. ఆడుదియు మగదియు ఇంచుమించు ఏడువారములు వంతులవారీగా పొదుగును. పిల్ల గూడు విడిచి యెగురుటకు మరి మూడు నాలుగు నెలలు పట్టును. ఆ పిల్ల తాను గూడుకట్టు వయస్సునకు వచ్చుటకు అయిదేండ్లు కావలయును. దీనికి బదులుగా ప్రకృతి దానికి దీర్ఘాయువు నిచ్చినది. నిదానముగా కని చిరకాలము జీవించుట ఈ జాతి మర్యాద.

ఇందువలన ఒక మోసము జరుగును. ఒక గుట్టమీద ఇరువది పక్షులున్నవనుకొందము. ఏ కారణముచేతనో వాని గుడ్లు చెడిపోవుచున్నవి; ఒక్క పిల్లయు లేవలేదు. ఐనను ముసలిపక్షులు బ్రదికియే యుండును గనుక దారిన పోవువానికి ఏటేట ఆ యిరువదియే కనబడును. పదియేండ్లు ఇట్లు గడచిన తరువాత ముసలివి ఒక్కసారిగా రాలిపోవును. అప్పుడు మనము నిన్నటిదాక బాగుగనే యుండెనే యని ఆశ్చర్యపడుదుము. నిజమునకు ఆ వంశము పదియేండ్లకు ముందే తెగినది. గూటిలోనికి చూచినవానికి ఆ సంగతి మొదటియేటనే తెలిసియుండును. మ్రాను పచ్చగా నుండగనే వేరుపురుగును పట్టుకొనుట వంటిదే గూళ్ల పరిశీలన.

ఇక బహువత్సరములు ఏల చూడవలెనందురా? రాయలసీమ రైతునకు ఇది చెప్పనక్కరలేదు. ఒకయేటి వానను చూచి చెరువు కట్టువా డెవ్వడును లేడు. మంచి యేడును చెడ్డ యేడును కలిపి ముప్పదియేండ్ల వానలెక్క చూచినగాని ఇది సహజమైన హెచ్చుతగ్గా, లేక నిజమైన క్షయమా అనునది తెలియదు. కరవుయేట ఎలుకలు తగ్గును. అడవి రామదాసు గూళ్లును తగ్గును. మరుసటియేట వానలు పడి, ఎలుకలు పెరిగి, గూళ్లు పెరుగకున్నచో అప్పుడు కారణము వెదుకవలయును.

భైరిడేగ కథ

గూళ్లలెక్క లోకమునకు చేసిన ఉపకారములలో మొదట చెప్పదగినది బ్రిటన్ దేశమున జరిగినది. అచ్చట పందెపు పావురములను పెంచువారు, భైరిడేగలు మితిమీరి పెరిగి తమ పావురములను తినివేయుచున్నవని సర్కారువారికి ఫిర్యాదు చేసిరి. సంగతి తేల్చుటకై 1961, 1962 సంవత్సరములలో డెరెక్ రాట్‌క్లిఫ్ అను శాస్త్రవేత్త ఆధ్వర్యమున దేశమంతటను భైరిడేగల గూళ్లను చూచిరి. ఏయే కొండచరియలపై పూర్వము గూళ్లుండెనో పాతలెక్కలు గలవు గనుక వానితో పోల్చి చూడగలిగిరి. తేలినది ఫిర్యాదునకు సరిగా విరుద్ధము. డేగలు పెరుగలేదు సరికదా, పూర్వమున్న గూళ్లలో పెక్కు శూన్యములయ్యెను. ఉన్నవానిలోకూడ గుడ్లు తల్లిపక్షి క్రిందనే పగిలిపోవుచుండెను.

రాట్‌క్లిఫ్ అంతటితో విడువలేదు. వేడుకకై గుడ్లు సేకరించినవారి పెట్టెలలో అనేక దశాబ్దముల గుడ్లు తేదీలతో భద్రపరుపబడి యుండెను. వాని పెంకులను కొలిచి తూచి చూడగా 1940ల కడపటి భాగమునుండి పెంకులు పలుచనైనట్లు తేలెను. డి.డి.టి. మందు విరివిగా వాడుకలోనికి వచ్చినదియు అప్పుడే. ఈ విషయము 1967లో ప్రకటింపబడినది. అమెరికాలో 1972లో డి.డి.టి.ని నిలిపివేసిరి. మన దేశమున సేద్యమునందు దాని వాడకమును 1989లో మాన్పించిరి. మందు తగ్గిన తరువాత భైరిడేగలు మరల గూళ్లు నింపినవి. ఫిర్యాదును విని లెక్క చూడకయే డేగలను చంపించియుండినచో రోగమునకు విరుద్ధమైన చికిత్స జరిగియుండెడిది.

భరతపురపు గూళ్లు

రెండవ యుదాహరణము మన దేశమునదే, మన పాడిపశువులకు సంబంధించినదే. రాజస్థానమునందలి భరతపురమున కేవలదేవ జాతీయోద్యాన మున్నది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన విభు ప్రకాశ్ గారు అచ్చట 1980లలో వేటపక్షులను పరిశీలించుచు రాబందుల గూళ్లనుకూడ లెక్కించిరి. 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్లు 350కి పైగా నుండెను. అప్పటికి రాబందులకు ముప్పు గలదని దేశమున నెవ్వరును తలంపలేదు. అంత సామాన్యమైన పక్షిని లెక్కించుట ఎందులకని నవ్వినను నవ్వియుందురు.

మరల 1996-97లో ఆయన చూచునప్పటికి గూళ్లు సుమారు 150కి దిగెను. చెట్లక్రింద చచ్చిన రాబందులు పడియుండెను. బ్రదికియున్నవి మెడలు వాల్చి కొమ్మలపై కునుకుచుండెను. మరికొన్నియేండ్లకు ఆ యుద్యానమున ఒక్క గూడును మిగులలేదు. మొదటి లెక్క వ్రాయబడియుండని యెడల రెండవ లెక్కకు అర్థమే యుండదు. ఆపద జరుగుచున్నదని లోకమునకు తెలిసినది ఆ పాత పుస్తకమువలననే.

పిమ్మట దేశమంతటను, 1990ల ఆరంభమున చూచిన దారులవెంటనే మరల పోయి రాబందులను లెక్కించిరి. 2007 నాటికి తెల్లవీపు రాబందులు 1992లో నున్నదానిలో వెయ్యింటికి ఒక్కటి చొప్పున మాత్రమే మిగిలినవి. పొడుగుముక్కు రాబందులు, సన్నముక్కు రాబందులు రెండును కలిపి నూటికి 97 వంతుల వరకు నశించినవి. 2000కును 2007కును నడుమ తెల్లవీపు జాతి ఏటేట నూటికి 40కి మించి క్షీణించినది. ఏడాదికొక్క గుడ్డు పెట్టు పక్షి ఈ నష్టమును పూడ్చుకొనజాలదని వేరుగ చెప్పనేల?

కారణము మన పాకలలో నున్నది

కారణమునకై మొదట అంటురోగమును అనుమానించిరి. సత్యము 2003లో పాకిస్తాన్ పంజాబునందు బయటపడి 2004 ఆరంభమున ప్రకటింపబడెను. లిండ్సే ఓక్స్ మొదలగు శాస్త్రజ్ఞులు అచ్చటి రాబందుల నెలవులను విడువక పరిశీలించి, చచ్చినవానిని కోసిచూడగా లోపలి యవయవములపై సున్నము పూసినట్లు తెల్లని పొర కనబడెను. అది మూత్రపిండములు చెడినందున నిలిచిపోయిన మలినము. అట్టి పక్షుల శరీరములన్నిటను డైక్లోఫెనాక్ అను మందు దొరకెను.

ఈ మందు మన సభ్యులకు కొత్తది కాదు. నొప్పికిని, వాపునకును, జ్వరమునకును మనుష్యులకు వాడునదే 1990లలో పశువులకును వాడుకలోనికి వచ్చెను. చౌకయైనది, గుణ మిచ్చునది. పొదుగువాపు కలిగిన యావుకును, కుంటుచున్న యెద్దుకును సూది వేయించితిమి. అందులో రైతు తప్పు లేదు. దాని ఫలమును అప్పు డెవ్వరును ఎరుగరు. పశువు బ్రదికిన చిక్కు లేదు. సూది వేసిన రెండు మూడు దినములలో చచ్చి, ఆ కళేబరమును రాబందులు తిన్నచో ఆ గుంపంతయు చచ్చును. నూరు కళేబరములలో ఒక్కదానియందు మందు మిగిలియున్నను జాతి యంతయు నశించుటకు చాలునని లెక్కవేసి చూపిరి. ఒక కళేబరము చుట్టు ఎన్ని రాబందులు చేరెడివో చూచినవారికి అది అతిశయోక్తిగా తోపదు.

భారతప్రభుత్వము 2006లో పశువులకై డైక్లోఫెనాక్ తయారుచేయుటను మాన్పించినది. మనుష్యులకై చేసిన పెద్ద బుడ్లను పశువులకు వాడుచుండిరని తెలిసి, 2015లో సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు బుడ్లలోనే అమ్మవలెనని నిర్ణయించిరి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులుకూడ రాబందులకు విషములేయని తేలగా 2023లో వానినిగూడ పశువైద్యమున నిషేధించిరి. తరువాత నిమెసులైడును నిషేధించిరి. మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లము అను రెండుమందులు పశువునకు గుణమిచ్చి రాబందునకు హాని చేయనివని పరీక్షలలో తేలినవి. రైతు తెలిసికొనవలసినదంతయు ఈ ఒక్క వాక్యమున నున్నది.

రాబందు పోయినందున నష్టపడినది రాబందు మాత్రమే కాదు. కళేబరములు కుక్కలపాలైనవి, కుక్కలు పెరిగినవి, కుక్కకాట్లు పెరిగినవి. 1992 మొదలు 2006 వరకు ఈ కారణమున మన దేశమున పిచ్చికుక్క కాటు మరణములు సుమారు 48,000 అధికముగా జరిగియుండునని ఒక పరిశోధకబృందము 2008లో అంచనా వేసినది. పొలమునుండి చీకటిపడిన తరువాత ఇంటికివచ్చు మన కూలీలును, బడినుండి వచ్చు పిల్లలును ఈ లెక్కలోని వారే.

మన చేరువ సంగతులు

తిరుపతి యాత్ర చేసి కంచిమీదుగా దక్షిణమునకు పోవు మన పూర్వులు చెంగల్పట్టునొద్ద పక్షితీర్థమును దర్శించెడివారు. అచ్చట కొండమీద దినదినము మధ్యాహ్నవేళ అర్చకుడు పెట్టు ప్రసాదమునకు తెల్ల రాబందులు రెండు దిగివచ్చెడివి. శతాబ్దములుగా జరిగిన ఈ యాచారము ఒకవిధమైన నిత్యపు హాజరుపట్టీయే. 1990ల కడపట పక్షులు వచ్చుట మానినవి. పల్లెపల్లెను అట్లు దినదినము ఎదురుచూచు వారొకరుండినచో మనకును తేదీ తెలిసియుండెడిది.

పూర్వపు చిత్తూరు జిల్లాలో మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ విద్యాలయపు లోయ మనకు మంచి మార్గము చూపినది. బోడిగానుండిన ఆ లోయలో చెట్లు పెంచి, పక్షులను ఏండ్లతరబడి గుర్తించి వ్రాసిరి. 1991లో దానిని పక్షుల రక్షితస్థలముగా ప్రకటించిరి. ఎస్. రంగస్వామి గారును, ఎస్. శ్రీధర్ గారును ఆ పక్షులనుగూర్చి, వాని నెలవులు మరల చిగిర్చిన విధమునుగూర్చి 1993లో గ్రంథము ప్రకటించిరి. అధ్యాపకులు, విద్యార్థులు తమ కన్నులతో చూచి వ్రాసిన లెక్క ఎంత విలువైనదో దానివలన తెలియును.

కన్నడదేశమున రామనగరము గుట్టలపై పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుచుండగా 2012లో ఆ కొండను వానికై అభయారణ్యము చేసిరి. తెలంగాణమున, అప్పటి ఆదిలాబాదు జిల్లాలో, ప్రాణహిత చేరువనున్న పాలరాపు గుట్టపై 2013లో అదే జాతి గూళ్లు కనబడినవి. అటవీశాఖవారు స్థానికులైన గిరిజన యువకులను కాపుంచి, ఏ గూట పిల్ల లేచెను, ఏది యెగిరెను అని వ్రాయించిరి. పనిచేసినవారు పట్టణమునుండి వచ్చిన పండితులు కారు. ఆ గుట్టను చిన్ననాటినుండి ఎరిగినవారు. మన ప్రాంతమునను అట్టివారికి కొదువ లేదు.

గూటి అడంగలు వ్రాయు పద్ధతి

ఇక పద్ధతిని చెప్పెదము. ఖర్చు లేదు, ఒక పుస్తకము, ఒక కలము, దొరకినచో ఒక దుర్భిణి చాలును.

మొదటిది. కనుగొన్న ప్రతి గూటికిని ఒక అంకె నిచ్చి, గ్రామము, సర్వే నంబరు, చెట్టో చరియయో, పక్షి పేరు, చూచిన తేదీ వ్రాయవలెను. ఆ గూటిని ప్రతిసంవత్సరము అదే యంకెతో వ్రాయవలెను.

రెండవది. కార్తీకమునుండి వైశాఖమువరకు గూటిని నాలుగుమార్లు చూచిన చాలును: పక్షులు గూటిని చేరినవా, పొదుగుచున్నవా, పిల్ల కలదా, పిల్ల యెగిరినదా? ఈ నాలుగు ప్రశ్నలకే జవాబు వ్రాయవలెను. ఊహించినది వ్రాయరాదు, తెలియనిచో తెలియదనియే వ్రాయవలెను.

మూడవది. శూన్యమైన గూటిని విడువరాదు. పైరులేని పొలమును అడంగలులో బీడని వ్రాయుదురేగాని వదలివేయరు గదా! మూడేండ్లు వరుసగా బీడని వ్రాయబడిన గూడు, నిండిన గూళ్లు పదింటికంటె ఎక్కువ సంగతి చెప్పును.

నాలుగవది. చూచిన గూళ్లెన్ని, వానిలో పక్షులున్నవి ఎన్ని అను రెండంకెలను పక్కపక్కన వ్రాయవలెను. నిరుడు పది గూళ్లను, ఈయేడు ఇరువది గూళ్లను చూచి పక్షులు రెట్టింపైనవనుట పొరపాటు. పెరిగినది మన నడక; పక్షులు కావు.

ఐదవది. గూటిని సాధ్యమైనంత ముందుగా కనుగొనవలెను. శివరాత్రి దాటిన తరువాత వెదకినవారికి పిల్లలున్న గూళ్లే కనబడును. అంతకుముందే చెడిపోయినవి కంటబడవు. అప్పుడు అన్ని గూళ్లును ఫలించినట్లు తోచును. కచ్చేరికి వచ్చి బాకీ చెల్లించినవారిని మాత్రమే లెక్కించి, బాకీదారు లందరును సత్యవంతులే యనినట్లుండును.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది. చెట్టెక్కరాదు, గుడ్డు ముట్టరాదు. చెట్టుగూటికి కనీసము నూరు గజముల దూరమునను, చరియగూటికి మూడువందల గజముల దూరమునను నిలిచి చూడవలెను. నడియెండలో పోరాదు, తల్లి లేచిపోయినచో గుడ్డు మాడును, పిల్ల సొమ్మసిల్లును. మనిషి జాడపట్టి కాకులును వచ్చును. గూడున్న చోటును బజారులో చాటరాదు. గుడ్లను తీయుట, గూటిని పాడుచేయుట 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టముచే నేరమనియు గుర్తుంచుకొనవలెను.

ఏడవది. వ్రాయువాడు మారినను పుస్తకము మారరాదు. తండ్రి తరువాత కొడుకు, ఉపాధ్యాయుని తరువాత శిష్యుడు వ్రాయవలెను. రాబందు ఆయువు ఒక మనిషి యోపికకంటె పెద్దది.

కోడిపిల్లల నష్టము

గద్దలను కాపాడుమనుచున్నారు, మా కోడిపిల్లల మాటేమని గృహిణు లడుగుట న్యాయమే. ఆ నష్టము నిజమే. పిల్లలు పెద్దవగువరకు గంపక్రిందనో వలక్రిందనో ఉంచుట దానికి మందు. ఐతే ఏ పక్షి ఎంత నష్టము చేయుచున్నదో గూటిక్రింద చూచినగాని చెప్పరాదు. గుడ్లగూబ ఎలుకను ముక్కలు చేయక మ్రింగి, జీర్ణముకాని ఎముకలను, వెండ్రుకలను ఉండగా కక్కును. ఆ యుండలను నీటిలో నానబెట్టి విప్పినచో లోపలి పుర్రెలను లెక్కింపవచ్చును. అపశకునమని రాళ్లు రువ్వబడు ఆ పక్షి మన వేరుసెనగ చేని ఎలుకలను రాత్రియెల్ల ఏరుచున్నదని ఆ పుర్రెలే సాక్ష్యమిచ్చును. చేలో పంగలకర్రలు పాతినచో రాత్రి గుడ్లగూబయు పగలు అడవి రామదాసును వాలి వేటాడును. ఎలుకలకు విషము పెట్టినవారు చచ్చినవానిని ఏరి పూడ్చవలెను. విషము తిన్న ఎలుకను తినిన గూబకును ప్రాణభయ మున్నది.

సభ్యులకు మనవి

రాబందు మన యాకాశమునకు ఎప్పుడు తిరిగివచ్చునో చెప్పజాలము. హర్యానాలోని పింజోరునందును, హైదరాబాదు నెహ్రూ జంతుశాలయందును వానిని పెంచు ప్రయత్నము జరిగినది. నీలగిరుల క్రింద మోయారు లోయలో తెల్లవీపు రాబందులు నేటికిని చెట్లపై గూళ్లు కట్టుచున్నవి. రెక్క చాచినచో వందలమైళ్లు పోగల పక్షికి ఆ లోయ మనకు మిక్కిలి దూరము కాదు. వచ్చిననాడు అది తినునది మన గొడ్డు కళేబరమే. ఆ కళేబరమున నేమి మందున్నది అనుదానిపై దాని బ్రదుకు ఆధారపడియున్నది.

కావున రెండు మనవులు చేయుచున్నాము. పశువునకు సూది వేయించునపుడు మందు పేరు అడిగి తెలిసికొనుడు; మెలాక్సికామ్ వేయుమని కోరుడు; నిషేధింపబడిన మందును ఎవరు తెచ్చినను వలదనుడు. చిరుతకో కుక్కలకో యని కళేబరమున విషము కలుపకుడు. ఇది మొదటిది. రెండవది, ప్రతి గ్రామమున ఒక్కరైనను, తమ పొలముగట్టుననున్న ఒక్క గూటితోనైనను, ఈ సంవత్సరమే పుస్తకము తెరవుడు. జాలెడేగయైనను, గుడ్లగూబయైనను, సామాన్యమైన నల్లగద్దయైనను సరే. భరతపురమున 1987లో రాబందుకూడ సామాన్యమైన పక్షియే.

మన మనుమలు ఏదేని పక్షిని చూపి, ఇది మన యూర ఎన్ని గూళ్లు కట్టెడిదని అడిగిననాడు, కరవుయేటి మాట చెప్పక పుస్తకము విప్పి చూపు భాగ్యము మన సభ్యులకు కలుగునని ఆశించుచున్నాము.